గడ్డం మీద పనస పొడి

ఆ ఏడాదిని తలుచుకుంటే నాకు మొదట ఒక రంగు కనిపిస్తుంది, మనుషులు ఆ తర్వాత కనిపిస్తారు. పనస చెక్కని గరుకు కాగితంతో రుద్దితే రాలే పొడి రంగు అది. పసుపుకి కాస్త దగ్గర, గంధానికి కాస్త దూరం. సింగపూర్‌లో ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఒక చైనీస్ అంకుల్ ఫర్నిచర్ వర్క్‌షాపు నడిపేవాడు. దాని వెనక మూలన శని, ఆదివారాలు మా ఆయన వీణలు బాగుచేసేవారు. నేను కడుపుతో ఉన్నాను. కూర్చుంటే నిద్ర, నిలబడితే నిద్ర. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి, బయట గుమ్మం పక్కన గాలి వచ్చేచోట ప్లాస్టిక్ కుర్చీలో కూలబడేదాన్ని. లోపల పై కిటికీల్లోంచి పడే ఎండలో ఆ పొడి కిందికి దిగకుండా తేలుతూనే ఉండేది. రంపాల మోత ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుండేది. అబ్బ, ఎంత బాగుందో అనుకుంటూ కళ్ళు మూసుకునేదాన్ని. ఆ బాగున్నదంతా మా ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతోందని అప్పటికి నాకు తట్టలేదు.

మిగతా రోజులు ఆయన ఒక బ్యాంకులో ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోతాయని లోకమంతా గుండెలు బాదుకుంటున్న కాలం అది. మనవాళ్ళు విమానాల నిండా దిగేవారు. దిగగానే టాంపినీస్‌లో ఒక ఫ్లాటు అద్దెకి తీసుకోవడం, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవడం, ఆడపిల్లని సంగీతానికి పంపడం. సామాన్లతో వచ్చిన వీణలు ఇక్కడి తేమకి ఉబ్బి, ఏసీ గదుల్లో ఎండి, నిలువునా పగిలేవి. మా ఆయన వాళ్ళది విజయనగరం వైపు వీణలు చేసే ఇల్లు. తాతలు, తండ్రులు అందరూ పనస దుంగలు తొలిచినవాళ్ళే. ఈయన ఒక్కరే చదువుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. కూర్చున్నారే గానీ చేతులు ఊరుకునేవి కావు. అందుకే పగిలిన వీణ ఎవరింట్లో ఉందంటే వాళ్ళింటికి పరిగెత్తేవారు.

అంతకు ముందు ఏడాది నాకు ఒకటి పోయింది. నాలుగో నెలలో. ఆ సంగతి అంతకన్నా పొడిగించి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకే ఈసారి ఐదో నెల రాగానే మా అత్తగారు వచ్చేశారు. వస్తూ వస్తూ చీరల మధ్య చుట్టి ఒక వీణ కుండ తెచ్చారు. కుండ అంటే వీణకి ఒక చివరన ఉండే గుండ్రటి బుర్ర. అది మా మామగారు చివరిసారి తొలిచినది. సగంలో ఊపిరాడక ఉలి కింద పెట్టేశారట. మళ్ళీ పట్టుకోకుండానే పోయారు. ఊళ్ళో దాన్ని ఉబ్బసం అనేవారు. ఆ ఇళ్ళల్లో మగవాళ్ళకి నడివయసులో ఉబ్బసం రావడం, జుట్టు నెరవడమంత మామూలు.

"బారసాల నాటికి ఇది పలకాల నాయనా. మీ నాన్న చెయ్యి పసిగుడ్డు చెవిన పడాల," అని అత్తగారు కొడుకు ఒళ్ళో పెట్టారు.

ఆ మర్నాడు పొద్దున్న స్నానాలగదిలో రేజరు కనిపించలేదు. ఆవిడే దాచేశారు.

"కడుపుతో ఉన్న పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని మొగుడు గడ్డం గీసుకుంటాడేటి? ఐదో నెలొచ్చీసింది. ఇంక పిల్ల నీళ్ళాడి బిడ్డ చేతికొచ్చేదాకా మీసం, గడ్డం, జుత్తు, ఏదీ ముట్టుకోకు," అన్నారు.

అదొక్కటే కాదు. ఆయన కొబ్బరికాయ కొట్టకూడదు. శవం వెంట నడవకూడదు. సముద్రం దాటకూడదు. "ఇది దీవి కదత్తయ్యా, ఎటు చూసినా సముద్రమే," అన్నాను నేను. "దాటొద్దన్నాను గాని చూడొద్దన్నానేటి?" అని కసిరారు. పక్కనే ఉన్న సెంటోసా దీవికి మా షికారు ప్రయాణం అలా గంగలో కలిసింది.

నాకు ఈ పట్టింపుల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. నమ్మకం లేనివాళ్ళకి భయం ఉండకూడదని ఎవరన్నారు? బ్యాంకుల్లో, విమానాల్లో అంత చదువుకున్నవాళ్ళు రెండు సున్నాలకి వణికిపోతుంటే, మా అత్తగారు ఒక బ్లేడుకి వణకడం తప్పెలా అవుతుంది? పైగా, ఆ పోయినది కడుపులో ఉన్నప్పుడు ఆయన రోజూ నున్నగా గీసుకుని ఆఫీసుకి వెళ్ళారు. ఆ ముక్క ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా ముగ్గురికీ వినిపించింది.

గడ్డం పెరిగింది. సెరంగూన్ రోడ్డులో గుడికి వెళితే మన పెద్దవాళ్ళు ఆయన మొహం చూసి నా వైపు తిరిగి, "ఎన్నో నెలమ్మా?" అనేవారు. గడ్డం ఆయనది, నెలలు నావి. బ్యాంకులో తోటి కుర్రాళ్ళు, "వై సో లాంగ్ నెవర్ షేవ్, లా?" అని ఏడిపించేవారట. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఏదన్నా నవ్వి ఊరుకోవడమే ఆయన గుణం. దానికి నాకు ఒళ్ళు మండేది.

దగ్గు ఎప్పుడు మొదలైందో తెలియదు. శనివారం సాయంత్రం ఛాతీ బిగిసేది. ఆదివారానికి పిల్లికూతలు. సోమవారం ఆయాసపడుతూ ఆఫీసుకి వెళ్ళేవారు. గురువారానికి ఏమీ ఎరగని మనిషిలా విజిలేసుకుంటూ తిరిగేవారు. శనివారం మళ్ళీ షరా మామూలే. ఈ లెక్క ముందు నాకే అందింది. ఆయన్ని లాక్కుని పాలీక్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ ఒక గొట్టంలోకి ఊదించి, ఏం పని చేస్తారని అడిగింది. కంప్యూటర్లన్నారు మా ఆయన. కంప్యూటరుకి ఇలాంటి దగ్గు రాదే అందామె. అప్పుడు నేను అందుకుని వీణల సంగతి కక్కేశాను. మనవాళ్ళ వీణ ఎలా ఉంటుందో ఆమెకి చేతులు చాచి చూపించాను కూడా.

ఆ పొడి మీ ఊపిరికి పడటం లేదు అని ఆమె తేల్చేసింది. ఇప్పుడు తప్పించుకుంటే తగ్గుతుంది, ఇలాగే పీలుస్తూ ఉంటే ఒకనాటికి గురువారం వచ్చినా తగ్గదు అంది. అయితే పని మానాలి, లేకపోతే మొహానికి అతుక్కునే మంచి మాస్కు పెట్టుకోవాలి. పీల్చే మందు రాసిచ్చింది.

"మానెయ్యండి," అన్నాను బస్సులోనే.

ఒక వారం మానేశారు. ఆ శని, ఆదివారాలు ఆయన హాల్లో ఆ సగం కుండకి ఎదురుగా కూర్చున్నారు. అత్తగారు రోజూ దాన్ని పొడిగుడ్డతో తుడిచి పక్కన దీపం పెట్టేవారు. ఆవిడ పెదవి విప్పి అడగలేదు. అడిగినా బాగుండేది, గట్టిగా ఒక మాట అనేదాన్ని. మరుసటి శనివారం ఆయన కుండ చంకన పెట్టుకుని, "జాగ్రత్తగా ఉంటాలే," అని వెళ్ళిపోయారు.

జాగ్రత్త విషయంలో ఆ చైనీస్ అంకుల్‌ని అనడానికి లేదు. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. అందుకే నాకు నచ్చాడు. ఎవడైనా పొడి చీపురు ఎత్తాడా, అరుపులు వీధి చివరికి వినిపించేవి. ఊడ్చిన పొడి నేల మీద ఉండదు, ముక్కులోకే వస్తుందనేవాడు. తడిగుడ్డతో తుడవాలి, లేదా గొట్టంతో పీల్చే మిషను పెట్టాలి. చెక్క రుద్దే ప్రతి మిషనుకీ ఒక గొట్టం, గొట్టం చివర ఒక పెద్ద గుడ్డసంచీ ఉండేవి. లక్క స్పిరిట్‌లో కలిపి పాలిష్ పెట్టడం వేరే గదిలో. అక్కడ గోడంత ఫ్యాను ఘాటునంతా బయటికి తోసేది. ఆ గదిలో మాస్కు కూడా వేరు. పొడిని ఆపేది ఘాటుని ఆపదు, ఘాటుకి బుగ్గలకి రెండు డబ్బాలున్న మాస్కు కావాలి. పని బట్టలు అక్కడే విప్పేసి, స్నానం చేసి ఇంటికెళ్ళమని మా ఆయనకి హుకుం. "బేబీ అట్ హోమ్," అని నా పొట్ట వైపు వేలు చూపించేవాడు.

ఒక శనివారం మాస్కులు అమ్మే మనిషి పనివాళ్ళందరికీ మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి వచ్చాడు. నేను క్యారేజీతో అప్పుడే వెళ్ళాను. ఆ పరీక్ష భలేగా ఉంది. మాస్కు పెట్టుకున్న మనిషి తల మీద తెల్లటి సంచీలాంటి టోపీ బోర్లించి, లోపలికి తియ్యటి నీళ్ళ తుంపర కొడతాడు. మాస్కు మొహానికి అతుక్కుని ఉంటే నోటికి తీపి తెలియదు. తెలిసిందంటే ఎక్కడో సందుందన్నమాట. ఒక్కొక్కళ్ళే టోపీలోకి దూరడం, తల అటూ ఇటూ తిప్పడం, తీపి లేదని చెయ్యి ఊపి బయటికి రావడం. నాకు కునికిపాట్లు వస్తున్నాయి. ఆ తెల్లటి తలలన్నీ కలలో ఊగుతున్నట్టున్నాయి.

మా ఆయన వంతు వచ్చింది. గడ్డమున్నవాళ్ళకి అసలు పరీక్షే చెయ్యకూడదన్నాడు అతను. "డూ, డూ. లెట్ హిమ్ సీ," అని అంకుల్ పట్టుబట్టాడు. టోపీ బోర్లించారు. పెళ్ళిలో అడ్డుతెర వెనక చూసినట్టు మసగ్గా కనిపించింది ఆయన మొహం. తుంపర కొట్టారు.

"స్వీట్?" అన్నాడు అంకుల్.

"వెరీ స్వీట్," అన్నారు మా ఆయన.

అందరూ ఘొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఒక్కసారిగా నిద్రంతా వదిలిపోయింది. అంకుల్ ఆయన బుగ్గ మీద గడ్డాన్ని వేలితో పైకీ కిందికీ దువ్వి, "హెయిర్ గాట్ గ్యాప్. యూ వేర్, నెవర్ వేర్, సేమ్ సేమ్ లా. షేవ్!" అన్నాడు. ఎందుకు గీసుకోకూడదో మా ఆయన నసుగుతూ చెప్పారు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా వైపు చూసి నెమ్మదిగా తలూపాడు. తన భార్య కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఇంట్లో మేకు కొట్టనిచ్చేది కాదట. వడ్రంగి ఇంట్లో పడకగది తలుపు ఊడిపోతే నెలల తరబడి తాడుతో కట్టుకున్నారట. "నేను తలుపు తాడుతో కట్టుకున్నాను సరే," అన్నాడు తన ఇంగ్లీషులో, "నువ్వు ఊపిరి దేనితో కట్టుకుంటావు?"

ఉపాయాలు అన్నీ అయ్యాయి. గడ్డానికి వాజలీన్ పట్టించి పైన మాస్కు పెట్టారు. రెండు మాస్కులు పెట్టారు. తడి తువ్వాలు చుట్టారు. తీపి తగులుతూనే ఉంది. తలంతా కప్పి మోటారుతో మంచి గాలి ఊదే టోపీ ఒకటుందట, గడ్డమున్నా పనిచేస్తుందట. అది తువాస్ షిప్‌యార్డుల్లో వాడతారు, తెప్పించాలంటే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి అత్తగారికి పరీక్ష సంగతి చెప్పాను.

"తీపే కదేటి తగిలింది? మంచిదే. శుభం," అన్నారావిడ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

"తీపి దూరిన సందులోంచే పొడీ దూరుతుందత్తయ్యా!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "మాస్కు పనిచెయ్యాలంటే గడ్డం తియ్యాలి. డాక్టరు కూడా అదే అంది."

"మీ మావయ్య నున్నగా గీసుకునేవోరు. ఆరికి రాలేదేటి ఉబ్బసం? గడ్డం వల్లేనేటి?"

"మావయ్యగారికి మాస్కే లేదు. ఆయన దేనివల్ల పోయారో మీకు తెలియదా?"

అనేశాను. ఆవిడ చేతిలో కాయని చేటలోకి విసిరేశారు. "నీ కడుపులోది నిలబడాలని కాదేటే, నా ఏడుపంతా?" అన్నారు. నేను కోరుకుంటున్నదీ అదే. ఇద్దరిలో ఎవరి ఊపిరి కోసం ఎవరి ఊపిరి పణం పెట్టాలో తెలియక, ఇద్దరం వంటింట్లో ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం.

ఏడో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. వాన వెలిసింది. అత్తగారు కారిడార్ గోడ మీద వడియాలు పెట్టి కాపలా కాస్తున్నారు. సింగపూర్ వానలతో ఆవిడకి రోజూ యుద్ధమే. నేను లోపల చాప మీద, తలుపు తెరిచి, సగం నిద్రలో ఉన్నాను. మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఒక అంతస్తు మెట్లెక్కి రావాలి. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. రెండు మెట్లు, ఆగడం. మళ్ళీ రెండు మెట్లు, ఆగడం. తర్వాత కారిడార్ పొడుగునా ఊపిరి లాగుతున్న చప్పుడు.

అత్తగారు గబుక్కున లేచారు. కుచ్చిళ్ళు సర్దుకున్నారు. పమిట భుజం చుట్టూ కప్పుకున్నారు. నా వైపు తిరిగి, రోజూ చెప్పే మాటలా చెప్పారు.

"మీ మావయ్య వొచ్చారమ్మా. కాళ్ళకి నీళ్ళు పెట్టు."

మలుపు తిరిగి మా ఆయన వచ్చారు. గోడ పట్టుకుని నిలబడ్డారు. స్నానం చేసి బట్టలు మార్చుకున్నా, గడ్డం లోపల ఆ పసుపు పొడి ఇంకా మిగిలే ఉంది. ఏదో అనబోయారు, గాలి చాలక నవ్వారు. అత్తగారు ఆయన్ని అలా చూస్తూనే ఉండిపోయారు. కొడుకని పోల్చుకోవడానికి చాలాసేపు పట్టినట్టుంది.

మందు పీల్చుకుని ఆయన తేరుకున్నాక, దీపాలవేళ, ఆవిడ పెట్టె అడుగున దాచిన రేజరు తెచ్చారు. వంటింట్లో పీట వేసి కొడుకుని కూర్చోమన్నారు.

"అమ్మా, నీళ్ళాడనీ..." అని ఆయన ఏదో అన్నారు.

"కూకో," అన్నారావిడ.

సబ్బు నురగ పట్టించి గీయడం మొదలుపెట్టారు. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. మామగారు చివరిరోజుల్లో రేజరు పట్టుకోలేకపోతే ఆవిడే గీసేవారని అప్పుడు తెలిసింది నాకు. నీళ్ళ గిన్నెలో నురగ, వెంట్రుకలు, పసుపు పొడి. కిటికీలోంచి ఎదురు బ్లాకులో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అంతా అయ్యాక తువ్వాలుతో ఆయన మొహం తుడిచి, ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి నా పొట్ట మీద చెయ్యి వేశారు.

"చూడమ్మా. ఇది నేను చేసినాను. ఆడు చెయ్యలేదు, నువ్వు చెయ్యమన్లేదు. రేపేటైనా అయితే నన్నను. ఆడినేటీ అనకు."

నాకు ఏడుపు వచ్చింది. ఏమీ కాదత్తయ్యా అన్నాను. కానీ ఆ రోజు నుంచి కడుపులో కదలిక కాస్త ఆలస్యమైతే చాలు, పక్కకి ఒరిగి పడుకుని పొట్ట తట్టి లేపేదాన్ని. ఆవిడ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తూ, "తన్నిందా?" అని అడిగేవారు. తన్నింది అంటే వెళ్ళి వడియాలు చూసుకునేవారు. మధ్యాహ్నాలు కింది అంతస్తులో ఉండే తమిళావిడతో కబుర్లకి వెళ్ళొచ్చేవారు. వచ్చీరాని అరవంలో ఏం మాట్లాడతారో అనుకునేదాన్ని.

తర్వాతి శనివారం తుంపర కొడితే మా ఆయనకి తీపి తగల్లేదు. నెల తిరిగేసరికి సోమవారాలు కూడా గురువారాల్లాగే అయ్యాయి. కుండ పని మెల్లగా సాగింది. బారసాలకి అందలేదు గానీ, ఆ మరుసటి ఏడు పలికింది.

పాప తెల్లవారుజామున పుట్టింది. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆయన కూడా ఏడ్చారు. మూడో రోజున ఇంటికి తీసుకొచ్చాం. అత్తగారు గుమ్మంలో దిష్టి తీశారు, ఎర్రనీళ్ళు పారబోశారు. బిడ్డని మాత్రం ఎత్తుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయన్నారు, తర్వాత పొయ్యి మీద పాలున్నాయన్నారు. అంతకాలం ఎదురుచూసి ఇప్పుడీ వేషాలేమిటని నాకు చిర్రెత్తింది.

పొత్తిళ్ళకి పాత చీర కావాల్సి వచ్చింది. నేనన్నీ కొత్తవే తెచ్చుకున్నాను, మెత్తగా నలిగినవి అత్తగారివే ఉంటాయి. ఆవిడ బీరువా అర తీశాను. ఖాళీ. మంచం కింద చూస్తే సంచీ కనిపించింది. జిప్పు లాగాను. చీరలన్నీ మడతపెట్టి సర్దేసి ఉన్నాయి. పైన పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, చిల్లర నాణేల మూట.

"ఏమిటత్తయ్యా ఇది? ఎక్కడికి ప్రయాణం?"

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఎక్కడికీ లేదమ్మా. ఆ సాయంత్రమే సర్దీసినాను. గడ్డం తీసిన నాడే."

"ఎందుకు?"

"పిల్లకేటైనా అయితే, నీ కళ్ళెదర నేనుండకూడదు. నన్ను చూస్తే నీకు కడుపు రగిలిపోద్ది. పెద్దదాన్ని గదా, నన్ను తిట్టుకోనూ లేవు. అందుకని." ఆవిడ గోడకేసి చూస్తూ చెప్పారు. "కిందావిడ బస్సు చెప్పింది. ఒకపాలి తీసికెళ్ళి స్టాండు కూడా చూపించింది. ఎయిర్‌పోర్టు దాకా ఒకటే బస్సంట. మారక్కర్లేదు."

లిఫ్టులో ఒక్కరే ఎక్కడానికి భయపడే మనిషి. నాకు చచ్చేంత కోపం వచ్చింది. "మీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను. "ఇన్నాళ్ళూ మంచం కింద ఈ మూట పెట్టుకుని నాకు కాఫీ ఇచ్చారా?" అరిచి, ఆవిడ తడి చేతుల్లోనే పాపని పెట్టేశాను. పాప ముందు మూలిగి, తర్వాత గట్టిగా ఏడుపందుకుంది.

ఏడవనిచ్చాను. కింద కూర్చుని సంచీలోంచి చీరలన్నీ బయటికి లాగాను. వాటిలో బాగా నలిగినది, ఆవిడ విమానంలో కట్టుకొచ్చినది, చూసి తీసి, అంచు పంటితో కొరికి, ఆవిడ చూస్తుండగానే పొత్తిళ్ళకి నిలువునా చించేశాను.